అమ్మ చిత్తడి, మా బావ గద్ద

మా బావ నెస్తోరి గురించి ఎవరైనా అడిగితే ముందుగా ఒక మాట చెప్పి తీరుతాను. ఆయన్ని పెళ్లి చేసుకున్నది మా అక్క సైమీ, నేను కాదు. మొదట్లో ఆయన మంచులో స్కీలు కట్టుకుని మా ఇంటికి వచ్చింది నాకోసమేనని మా అమ్మ అనేది. వచ్చాడు, కాఫీ తాగాడు, కిటికీలోంచి ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు, ఒక్క ముక్క మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. అక్కకి ముచ్చటేసింది. తర్వాతి ఆదివారం నుంచి అక్క ఆ కిటికీ పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. అలా నేను బతికిపోయాను.

ఆకాశం వంక చూడటమే ఆయన ఉద్యోగం. వేసవిలో పొద్దు గుంకని మా ఊరు దాటి, ఇంకా ఉత్తరానికి పోతే ఇళ్లుండవు. పైన్ అడవి, చిత్తడి నేలలు, వాటి వెనక చెట్టు మొలవని బోడికొండలు. అదంతా పార్కు. అక్కడి బంగారు గద్దల గూళ్లని కనిపెట్టి ఉండటం బావ పని. చలికాలం చివర మంచు మీద వెళ్లి ఏ గూటి మీద కొత్త కొమ్మలు పడ్డాయో చూస్తాడు. వేసవి మొదట్లో తాడు కట్టుకుని చెట్టెక్కి పిల్ల కాలికి గుర్తు కడియం తొడుగుతాడు. ఆ తర్వాత దూరంగా ఓ రాయి వెనక పడుకుని, పిల్ల ఎగిరిందో లేదో దుర్భిణిలో చూసి పార్కు ఆఫీసుకి చెబుతాడు. గూడు ఎక్కడుందో మాత్రం ఆ ఆఫీసుకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. కట్టుకున్న పెళ్లానికైనా సరే.

వాళ్ల నాన్న రెయిన్‌డీర్ల మందలు మేపేవాడు. గద్దలు దూడల్ని ఎత్తుకుపోతాయి కాబట్టి ఆయనకి గద్ద పేరెత్తితే పూనకం వచ్చేది. కొడుకు పోయి పోయి ఆ గద్దలకే కాపలా ఉద్యోగం ఒప్పుకున్నాడని తెలిశాక పెద్దాయన కొడుకుతో మాట్లాడటం మానేశాడు. చెప్పాల్సింది కుక్కకి చెప్పేవాడు. "ముస్తీ, పులుసు చల్లారిపోతోందని మీ గద్దల దొరగారికి చెప్పవే!" అనేవాడు. ముస్తీ బావ వంక చూసేది. బావ లేచి వచ్చి పులుసు తాగేవాడు. పెద్దాయన పోయేదాకా ఇంట్లో ఆ కుక్కే మధ్యవర్తి.

ఇక వాసన సంగతి. గూట్లో కుళ్లిన కుందేళ్లు, సగం తిన్న పక్షులు ఉంటాయట. అది చాలదన్నట్టు కడియం తొడిగే పిల్ల ప్రతిసారీ బావ మీదే పని కానిచ్చేది. ఆయన ఇంటికి వస్తున్నాడని కంటికి కనబడేలోపే ముక్కుకి తెలిసేది. అక్క వాకిట్లోనే ఆపి, "అక్కడే, అక్కడే! అన్నీ విప్పి లోపలికి రా!" అని అరిచేది. పాస్టరమ్మ ఎదురింట్లో ఉంటుంది. ఆవిడ పాపం ఎన్ని వేసవులు కిటికీ తెరలు మూసుకుందో.

ఇప్పుడు హిల్లా పండ్ల గురించి చెప్పాలి, లేకపోతే మా ఊరివాళ్లు చేసింది పిచ్చితనం అనుకుంటారు. పిచ్చితనమే, కానీ దానికో పద్ధతి ఉంది. హిల్లా చిత్తడి నేలలో కాస్తుంది, కాడకి ఒకటే పండు, పచ్చిగా ఉంటే ఎర్రన, పండితే బంగారు రంగు. అడవి అందరిదీ, పండు కోసుకున్నవాళ్లది. అందుకే ఎవరి చోటు వాళ్లు ప్రాణం పోయినా చెప్పరు. హిల్లాకి వెళ్లేవాడు బకెట్ చేత్తో పట్టుకోడు, వీపు సంచిలో దాస్తాడు. కారు తను దిగాల్సిన చోట ఆపడు, ఎక్కడో ఆపి చుట్టూ తిరిగి వెళతాడు. ఎక్కడికెళ్లావని అడిగితే, "అలా తిరగడానికి" అంటాడు. అడిగినవాడు కూడా అంతకంటే మంచి జవాబు వస్తుందని ఎదురుచూడడు.

మా అక్కచెల్లెళ్లకి అమ్మ ఇచ్చిన ఆస్తి అలాంటి చిత్తడి ఒకటి. చుట్టూ ఊటలుండటంతో అక్కడ పూత మీద మంచు పడదు. ఊరంతా ఎండిపోయిన ఏడాది కూడా అక్కడ పండు ఉంటుంది. దాని పేరే మాకు అమ్మ చిత్తడి. పోయిన మా ఆయనకి కూడా నేను చూపించలేదు, ఆయనా అడగలేదు, అది కాపురం నిలబడే లక్షణం. బావకి మాత్రం తెలుసు. ఆయనకి తెలియని చోటు ఆ అడవిలో లేదు. ఒకసారి మేం కోస్తుంటే అటుగా వచ్చి, మమ్మల్ని చూసి, చూడనట్టు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ మర్యాదకి మురిసిపోయి అక్క ఆ పూట ఆయనకి చేప ముక్కలు రెండు ఎక్కువ వేసింది.

అక్కకి హిల్లా అంటే ప్రాణం. వేడి జున్ను మీద హిల్లా వేసుకుని కాఫీతో తింటేనే ఆమెకి చలికాలం గడిచేది. ఊళ్లో కొట్టు నాది. కొట్లో స్ట్రాబెర్రీ జామ్ సీసాలు పెడితే అక్క వాటిని చీపురుపుల్లల్లా చూసేది. "అది దక్షిణాది వాళ్లకీ రోగిష్టి వాళ్లకీ. నేను జామ్ కొనుక్కునే రోజొస్తే నన్ను పూడ్చిపెట్టెయ్యండి" అని నలుగురిలో అనేసింది కూడా.

బావ సంగతికొస్తే, ఆయన వీపు సంచి ఎప్పుడూ గుండ్రంగా ఉబ్బి ఉండేది. లోపల తాడు చుట్ట. కారు ఎక్కడో ఆపేవాడు. అడిగితే "అలా తిరగడానికి" అనేవాడు. మా ఊరి లెక్క ప్రకారం ఇవన్నీ పక్షుల మనిషి లక్షణాలు కావు, హిల్లా మనిషి లక్షణాలు. వండుకు తినడానికి కూడా పనికిరాని పక్షిని చూడటానికి ముప్ఫై ఏళ్లు అడవులు పట్టుకు తిరిగేవాడు ఉంటాడా? పక్షులన్నది సాకని, ఆయనకెక్కడో పెద్ద చిత్తడి ఉందని మావాళ్లు ఎప్పుడో తేల్చేశారు. ఇంటికి ఒక్క పండు కూడా తేడు కదా అంటే, అదీ ఆయన తెలివే అన్నారు.

ఆ ఏడు జూన్‌లో మంచు పడి చిత్తళ్లన్నిట్లో పూత మాడిపోయింది. పండ్ల కాలం వచ్చింది గానీ పండు రాలేదు. ఊరు ఊరంతా మొహాలు వేలాడేసుకుని నా కొట్లో కాఫీ బల్ల చుట్టూ కూర్చునేది. అందులో ముఖ్యుడు కలెర్వో. బస్సు నడిపి రిటైరయ్యాడు గానీ ఎవరు ఎక్కడికి వెళుతున్నారో కనుక్కునే అలవాటు రిటైర్ కాలేదు.

ఒకరోజు బావ అడవి నుంచి సరాసరి కొట్టుకి వచ్చి, కాఫీ పోసుకుని, సాసర్లో ఒంపుకుని, పంటి కింద చక్కెర బిళ్ల పెట్టుకుని, రబ్బరు బూట్ల కాళ్లు బారచాపి కూర్చున్నాడు. మొహం కాస్త వెలిగిపోతోంది కూడా. కలెర్వో చెంచా జారి కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచేసరికి మొహం ఎర్రగా ఉంది. పక్కనున్న పాస్టరమ్మ మోకాలు తట్టాడు. ఆవిడ చెంచా కూడా పడింది. ఆవిడా వంగింది. ఆ తర్వాత బల్ల చుట్టూ వరసగా చెంచాలు పడ్డాయి. నా కొట్లో అంతమంది చేతులు ఒకేసారి పట్టు తప్పడం అదే మొదలు. బావ ఏదీ గమనించకుండా కాఫీ ముగించి, తలూపి వెళ్లిపోయాడు.

ఆయన బూటు అడుగున, రబ్బరు గాట్ల మధ్య, నలిగిన హిల్లా పండు ఒకటి అంటుకుని ఉంది. బాగా పండింది, బంగారు రంగుది.

"చూశారా?" అన్నాడు కలెర్వో. "ఊళ్లో ఒక్క పండు లేదు. ఈయన తొక్కుకుంటూ తిరుగుతున్నాడు!"

"కారు రౌటు వాగు దారిలో చూశాను, రెండుసార్లు" అంది పాస్టరమ్మ.

"అయితే వాగుకి అటో ఇటో" అన్నాడు కలెర్వో. "రేపు పొద్దున్నే అందరం కలిసి రెండు ఒడ్లూ గాలిద్దాం. కొండ మొదలు దాకా ఒక్క గుంట వదలొద్దు. దొరికితే కేకెయ్యండి."

నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. సంగతి చెప్పగానే ఆమె చేతిలోని పిండి గిన్నె కింద పెట్టి, కుర్చీలో కూలబడింది.

"ఏమే ఎల్మా, నిజంగా పండేనా? పండిందేనా?"

"పండిందే అక్కా. నా కళ్లతో చూశాను. నేనూ చెంచా పడేశాను."

"ఇంకో ఆడది ఉందంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ కంపు ఎవరు భరిస్తారులే అని సర్దుకునేదాన్ని. ఇంకో చిత్తడా! నాకు తెలీకుండా చిన్నిల్లు పెట్టినట్టు చిత్తడి పెట్టాడా!"

"అడిగి చూడు."

"అడిగితే ఏమంటాడు? అలా తిరగడానికి వెళ్లానంటాడు."

ఇక్కడ ఒక సంగతి నేను ముందే చెప్పేస్తాను. మాకు ఇది తర్వాత తెలిసింది గానీ, చదివేవాళ్లని చీకట్లో కూర్చోబెట్టి ఆడించడం నాకు నచ్చదు. రౌటు వాగు పైన, కొండ మొదట్లో, ఒక ముసలి పైన్ చెట్టు మీద బావ గద్ద గూడు ఉంది. ఆయన గూళ్లన్నిటిలోకీ పాతది. వరసగా మూడేళ్లు ఆ జంటకి పిల్ల దక్కలేదు. ఒకసారి గుడ్డు మురిగింది, ఒకసారి పిల్ల ఆకలికి పోయింది, ఒకసారి మంచు తుఫానుకి. ఈసారి ఒక పిల్ల నిలబడింది. రెక్కలు వచ్చేశాయి, గూటి అంచున నిలబడి వాటిని ఆడిస్తోంది, కానీ ఇంకా ఎగరలేదు. ఆ వయసులో కింద మనుషులు అరిస్తే పిల్ల బెదిరి దూకేస్తుంది. దూకితే ఎగరలేక నేల మీద పడి, నక్క నోటికి పోతుంది. ఊరంతా కేకలేసుకుంటూ గాలించబోయేది సరిగ్గా ఆ చెట్టు కిందే.

ఇదేమీ తెలియక నేను ఆ సాయంత్రం ఆయన్ని ఏడిపించడానికి వెళ్లాను. ఆయన మెట్ల మీద కూర్చుని తాడు చుడుతున్నాడు.

"బావా, నీ గుట్టు బయటపడింది. రేపు పొద్దున ఊరంతా రౌటు వాగు మీదికి దండయాత్ర."

తాడు ఆయన చేతిలోంచి జారిపోయింది. "రౌటు వాగా? రేపేనా?"

"రేపే. కొండ మొదలు దాకా. నీ బూటే పట్టించింది నిన్ను."

బావ బూటు తిప్పి చూసుకున్నాడు. ఆ పండుని వేలితో గోకి తీసి చూశాడు. ఆయన మొహం అలా పాలిపోవడం నేను మళ్లీ చూడలేదు.

"ఎల్మా," అన్నాడు, "అమ్మ చిత్తడిలో పండాయా?"

ముప్ఫై ఏళ్లలో ఆయన నన్ను హిల్లా గురించి అడగడం అదే మొదటిసారి. "ఇంకా అన్నిటికీ ఎరుపు దిగలేదు. రేపు ఓసారి చూసి, ఎల్లుండి కోద్దామనుకున్నాం. ఎందుకు బావా?"

"ఊరికే" అన్నాడు.

మర్నాడు నేను కొట్టు తెరిస్తే ఒక్కరూ రాలేదు. కాఫీ కాచిందంతా కాచినట్టే ఉంది. అక్క వచ్చింది, సంచిలో బకెట్ దాచుకుని. "ఆయన పొద్దున్నే పోయాడు. పోతే పోయాడు, మనం వెళ్లి మన పండు చూసొద్దాం పదవే" అంది. కొట్టుకి తాళం వేసి నా కారులో బయల్దేరాం. అమ్మ నేర్పినట్టే, మలుపు దాటి పాత కట్టెల అడితి వెనక కారు ఆపబోయాను. అక్కడ ఆల్రెడీ ఒక కారుంది. ఇంకాస్త ముందుకెళ్లి కంకర గుట్ట వెనక ఆపబోయాను. అక్కడా ఉంది. వాగు పక్కన ఉంది, పొద చాటున ఉంది. ఆ చుట్టుపక్కల దొంగతనంగా కారు ఆపుకోవడానికి ఎన్ని చోట్లున్నాయో అన్నిట్లోనూ కార్లే. అక్క నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత కలెర్వో పదిసార్లు చెప్పాడు కాబట్టి ఆ పొద్దున ఏం జరిగిందో నాకు బాగా తెలుసు. బావ పొద్దున్నే ఇంట్లోంచి వచ్చి, రోడ్డు మధ్యలో నిలబడి, గట్టిగా దగ్గాడు. ఎప్పుడూ నలుగురిలో విప్పని సంచిని తెరిచి, అందులోని అల్యూమినియం బకెట్ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ దాచాడు. కారెక్కి నడక కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. జన్మలో ఇండికేటర్ వెయ్యని మనిషి ప్రతి మలుపులోనూ వేశాడు. వెనక ఊరు ఊరంతా, ఒకరికి తెలియకుండా ఒకరు అనుకుంటూ, బారులు తీరి వెళ్లింది. అడవిలోకి దిగాక బావ ముందు, ఆయన వెనక చెట్టుకొకరు. పాస్టరమ్మ ఒక పైన్ చెట్టు చాటున నక్కబోతే ఆ చెట్టుకి అవతలి పక్క కలెర్వో ఉన్నాడట. ఇద్దరూ "అలా తిరగడానికి" అని చెప్పుకున్నారట.

మేం వెళ్లేసరికి అమ్మ చిత్తడి నిండా నడుములు వంచిన జనం. మాట్లాడేవాడు లేడు, అందరూ కోత. పండినవి అయిపోయి సగం పండినవి, అవి అయిపోయి ఎర్రటి పచ్చి కాయలు కూడా లాగేస్తున్నారు. మధ్యలో ఒక మొద్దు మీద బావ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ఖాళీ బకెట్.

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బూట్లు బురదలో దిగబడుతుంటే పీక్కుంటూ నడిచి ఆయన ముందు నిలబడింది.

"వీళ్లకి దారి ఎవరు చూపించారయ్యా?"

"నేనే."

"దారి తప్పి వచ్చావా?"

"లేదు."

"ఎందుకు చూపించావు?"

బావ నేల వంక చూశాడు. "చెప్పకూడదు" అన్నాడు.

"మా అమ్మది ఇది!" అంది అక్క. అప్పుడు గొంతు లేచింది. "నలభై ఏళ్లు మా అమ్మ నోరు విప్పలేదు. నీకు ముప్ఫై ఏళ్లు అన్నం వండిపెట్టాను. ఇదా?"

జనం నడుములు ఎత్తలేదు గానీ చేతులు మాత్రం ఆగాయి. పాస్టరమ్మ అయితే తన బకెట్ మీద నెమ్మదిగా మెడ రుమాలు కప్పుకుంది.

నాకు కూడా అందులో సగం వాటా ఉంది కాబట్టి నేనూ ఊరుకోలేదు. నేనన్న మాటలు ఇక్కడ రాయను, పాస్టరమ్మ అక్కడే ఉన్నా సరే అన్నాను. ఒకటి మాత్రం గమనించాను. తిట్లు తింటున్న మనిషి మధ్యమధ్యలో ఉత్తరం వైపు ఆకాశం వంక చూస్తున్నాడు, చూసి ఊపిరి పీల్చుకుంటున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

అక్క ఆయన పరుపు, దిండు తెచ్చి పెరట్లోని ఆవిరి స్నానాల గదిలో పడేసింది. ఆయన అక్కడే ఉన్నాడు. శనివారం స్నానానికి అక్క మా ఇంటికి రావాల్సి వచ్చింది. పులుసు గిన్నె నేనే పట్టుకెళ్లేదాన్ని. పాత రోజుల్లో అయితే కుక్క ఉండేది, ఇప్పుడు ఆ ఉద్యోగం నాకొచ్చింది.

"బావా, ఎలా ఉంది బల్ల మీద పడక?"

"బాగుంది. మంచం కంటే గట్టిది. నడుముకి మంచిది."

"క్షమాపణ అడగొచ్చు కదా!"

"అడిగితే ఎందుకు చేశావంటుంది."

"చెప్పొచ్చు కదా!"

"ఇంకా చెప్పకూడదు" అన్నాడు. ఆ 'ఇంకా' అన్న మాట నేను ఆ రోజు పట్టించుకోలేదు.

ఊళ్లో మాత్రం నవ్వుకోని వాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లు దాచినవాడు ఇండికేటర్ వేసి మరీ పట్టుబడ్డాడని కలెర్వో కాఫీ బల్ల దగ్గర ఊరించి ఊరించి చెప్పేవాడు. బావ వస్తే కుడి చెయ్యి ఎత్తి ఇండికేటర్‌లా మూసి తెరిచేవాడు. బావ కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. రౌటు వాగు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దొరకాల్సింది దొరికేసింది కదా.

పండ్ల కాలం ముగుస్తుండగా ఒక పొద్దున బావ ఇంటి వాకిట్లోకి వచ్చి అక్కని పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను. "సైమీ, నాతో రా" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఏడ్చినట్టున్నాయి గానీ మొహం నవ్వుతోంది. అక్క రానంది. "రా" అన్నాడు మళ్లీ. రెండుసార్లు అడిగాడంటే ఆయన లెక్కలో అది ఉపన్యాసం. అక్క బూట్లు తొడుక్కుంది. నేనూ తొడుక్కోబోయాను. "నువ్వు కాదు ఎల్మా" అన్నాడు. మొదట్లో నాకోసం వచ్చిన మనిషి!

ఆ సాయంత్రం అక్క మా ఇంటికి స్నానానికి వచ్చింది. ఆమె బూట్లకి, స్కర్టు అంచుకి, మోకాళ్ల దాకా బంగారు రంగు గుజ్జు. ఆవిరి గదిలో పై మెట్టెక్కి కూర్చుంది. నేను పొయ్యి రాళ్ల మీద నీళ్లు పోశాను. మళ్లీ పోశాను. ఊపిరాడకపోతే ఎవరైనా చెప్పేస్తారు.

"గూడు చూపించాడే" అంది. "పిల్ల ఎగిరిపోయింది. ఇప్పుడు చూపించినా ఫరవాలేదట. ఆ రోజు ఊరంతా వాగు మీదికి వెళ్లుంటే అది చచ్చేదట. మూడేళ్ల తర్వాత నిలబడిన పిల్లట. దానికోసం..." అక్క మొహానికి నీళ్లు కొట్టుకుంది. "దానికోసం అమ్మ చిత్తడి ఇచ్చేశాడు."

"గద్ద పిల్లకా!"

"ఇంకా విను. ఆ చెట్టు కింద ఏముందనుకున్నావు?"

"ఎముకలు."

"చిత్తడే! ఈ కొండ నుంచి ఆ వాగు దాకా. మన దానికిలాగే చుట్టూ ఊటలు, మంచు తగల్లేదు. అంత పండు నా జన్మలో చూడలేదు. అన్నీ అతిగా పండిపోయి, ముట్టుకుంటే జారిపోతున్నాయి, ఒక్కటి పనికిరాదు. నేను మధ్యలో కూలబడి ఏడ్చానే ఎల్మా. వెక్కివెక్కి ఏడ్చాను. ముప్ఫై ఏళ్లు దాని పక్కనుంచి నడిచాడు, నోట్లో ఒక్కటి వేసుకోలేదు!"

కలెర్వో సరిగ్గానే పట్టుకున్నాడన్నమాట. ఊరంతా సరిగ్గానే అనుకుంది. అది నాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ.

"ఎందుకు కొయ్యలేదని అడిగాను" అంది అక్క. "తల్లి గద్ద చూస్తుందన్నాడు. అది నిద్రపోయాక రాత్రి కోసుకోవచ్చు కదా అన్నాను. వేసవిలో మనకి రాత్రెక్కడుంది సైమీ అన్నాడు."

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. నవ్వి నవ్వి నేను కింది మెట్టు మీదికి జారిపోయాను. అక్క నవ్వుతూ నవ్వుతూ మళ్లీ ఏడ్చింది.

"ఆ పిల్ల వచ్చింది" అంది కళ్లు తుడుచుకుంటూ. "మా మీదుగా రెండు చుట్లు తిరిగింది. ఎగరడం సరిగ్గా రాదు, ఓ పక్కకి ఒరిగిపోతోంది. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. పెళ్లిలో కూడా పాస్టరు చెబితే గానీ తియ్యలేదు."

"ఎక్కడే అది? వాగుకి ఏ పక్క?"

అక్క నా వంక చూసింది. మా అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో అందరికీ తెలుసు. నా పెళ్లికి ముందు నా ప్రేమ సంగతి అమ్మకి చెప్పింది ఆమే.

"చెప్పకూడదు" అంది.

ఆ రాత్రి బావ పరుపు ఇంట్లోకి వెళ్లింది.

మర్నాటి వేసవికి అమ్మ చిత్తడి తొక్కి తొక్కి మడ్డిగా మారిపోయింది, అక్కడిక పండు లేదు. అక్కకి మిగిలింది ఒక్క ఆశే: గూడు ఖాళీగా ఉంటే, ఆ ఏడు చెట్టు కింద పండంతా ఆమెది. బకెట్లు తోమి, ఇంటి ముందు మేకులకి తగిలించి, బావ కొండ నుంచి దిగే రోజు కోసం చూసింది. గద్దలకి ఈసారి గుడ్లు లేకపోతే ఎంత బావుణ్ణో అని నాతో పైకే అంది. అన్నాక నాలిక కరుచుకుంది. ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం వంక చూసింది.

ఒక మధ్యాహ్నం కాఫీ బల్ల నిండా జనం ఉండగా అక్క కొట్లోకి వచ్చింది. గుమ్మం దాటుతుండగానే కుళ్లిన కుందేలు వాసన కొట్టింది. బావని వాకిట్లో బట్టలు విప్పించకుండానే కౌగిలించుకుని వచ్చినట్టుంది. తిన్నగా నా దగ్గరికి వచ్చి, కౌంటరు మీదికి వంగి, చెవిలో చెప్పింది: "రెండు పిల్లలే! రెండూ బలంగా ఉన్నాయట." కళ్లు మెరుస్తున్నాయి. తర్వాత నిటారుగా నిలబడి, కొట్టంతా వినబడేలా అంది: "ఎల్మా, స్ట్రాబెర్రీ జామ్ ఒక సీసా ఇవ్వు."

బల్ల దగ్గర కప్పులు గాల్లో ఆగిపోయాయి.

"సైమీ," అన్నాడు కలెర్వో, "నిన్ను పూడ్చిపెట్టాలన్నావు కదా. పార తెమ్మంటావా?"

"తే" అంది అక్క. "తవ్వడం నీ గొయ్యితో మొదలుపెట్టు."

నేను పై అరలో వెతికి అన్నిటికంటే పెద్ద సీసా తీసి, తుడిచి ఆమె చేతిలో పెట్టాను. దాన్ని గుండెకి ఆనించుకుని తల ఎత్తుకుని వెళ్లిపోయింది. అమ్మ ఉంటే తిట్టేదేమో. నాకు మాత్రం అక్కని చూస్తే ఏడుపొచ్చేంత గర్వంగా అనిపించింది.

కలెర్వో కాఫీ కప్పు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, ఏదో ఉంది. నెస్తోరి పొద్దున ఎటు వెళ్లాడు?"

నేను కౌంటరు తుడుస్తూ ఆయన మొహంలోకి చూశాను.

"అలా తిరగడానికి" అన్నాను.